పెక్కు బాకీల నొక్క బాకీగా గూర్చుట



కార్డు అనగానే మన పల్లెలలో మొదట తలపునకు వచ్చునది బియ్యపు కార్డు. పిదప, బ్యాంకులవారు 1998వ సంవత్సరమునుండి రైతులకిచ్చుచున్న కిసాన్ క్రెడిట్ కార్డు. దానిపై పంటకొఱకు తెచ్చుకొన్న యప్పును గడువులోపల చెల్లించిన రైతునకు, ప్రభుత్వపు రాయితీ పోగా, వడ్డీ సాలునకు నూటికి నాలుగు వంతున పడుచు వచ్చిన సంగతి మీరెఱిగినదే. నేను నేడు ప్రసంగింపదలచిన కార్డు అది కాదు. రెంటికిని పేరొకటియే యగుటచే పెద్దలు కొందఱు, "క్రెడిట్ కార్డు బాకీయా? నాలుగు రూపాయల వడ్డీయే గదా" యని తేలికగా దీసికొనుట నేను వినియున్నాను. చిత్రమేమనగా, ఆ మాట యొక విధముగా నిజమే. పట్టణములలో నుద్యోగములు చేయు మన పిల్లల కార్డుబాకీకి గూడ నాలుగు రూపాయల వడ్డీయే పడును. కాని రైతుకార్డు మీది నాలుగు సంవత్సరమునకు. పిల్లల కార్డు మీది నాలుగు నెలకు.

ఈ బాకీ పుట్టుట హైదరాబాదులోనో బెంగుళూరులోనో జరుగును. తీరుట మాత్రము తఱచుగా మన యూళ్లలోనే, తల్లి గొలుసు తాకట్టుతోనో, తండ్రి పేర నున్న యెకరము బేరముతోనో జరుగుచున్నది. "నాలుగు కార్డుల బాకీని ఒక్కటి చేసికొందును, నాన్నా, మీరు సంతకము పెట్టిన చాలును" అని కుమారుడు పండుగకు వచ్చి యడిగినపుడు, ఆ తండ్రి కలము చేతబట్టకముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. వానిని నాకు తోచినంతవఱకు విన్నవించెదను.

ముందుగా ఆ కార్డు నడచు తీరు చూతము. కార్డు చూపి సరకు కొన్నచో బ్యాంకు అంగడివానికి సొమ్ము చెల్లించును. నెలకొకసారి మనవానికి లెక్క పంపును. గడువుతేదీ లోపల లెక్కలోని మొత్తమంతయు చెల్లించినవానికి వడ్డీ లేదు. అట్లు నెలనెల చెల్లించువానికి కార్డు మంచి సౌకర్యమే. నేను దానిని నిందింపను. కాని మొత్తము చెల్లింపక కొంత నిలువ యుంచినచో, ఆ నిలువకే కాక, పిదప కొన్న సరకులకు గూడ కొన్ననాటినుండియే వడ్డీ నడచును. వడ్డీలేని గడువు అను వరము ఆ క్షణముననే తొలగిపోవును. చాలమంది పిల్లలకు ఈ రెండవ సంగతి తెలియదు. పాతబాకీకి మాత్రమే వడ్డీ పడుచున్నదని తలచి, ఇంటి వెచ్చములు యథాప్రకారము కార్డు మీదనే తెచ్చుచుందురు.

వడ్డీ యెంత? కార్డును బట్టి, బ్యాంకును బట్టి మాఱుచుండును గాని, నెలకు నూటికి మూడున్నర యనునది సామాన్యముగా కనబడు రేటు. మన పల్లెభాషలో ఇది మూడున్నర రూపాయల వడ్డీ. దీనిపై జి.ఎస్.టి. యను పన్ను నూటికి పదునెనిమిది వంతున పడును. తక్కిన యప్పుల వడ్డీకి ఈ పన్ను లేదు. కార్డు వడ్డీకి మాత్రము కలదు. రెండును కూడిన నాలుగు రూపాయల పదుమూడు పైసలు. మన యూళ్లలో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ యందురు. రెండు రూపాయలకు అప్పిచ్చువానిని గూర్చి అరుగుల మీద గుసగుసలాడుదురు. మూడు రూపాయలు తీసికొనువానిని వడ్డీపిశాచ మందురు. నాలుగు రూపాయల పైచిలుకు పుచ్చుకొనుదానిని మనవాడు తోలుసంచిలో పెట్టుకొని తిరుగుచున్నాడు.

ఇట్టి వడ్డీ న్యాయమా యని మీరడుగవచ్చును. జాతీయ వినియోగదారుల కమిషను 2008లో, సాలునకు నూటికి ముప్పదికి మించి కార్డుబాకీలపై వడ్డీ పుచ్చుకొనుట అన్యాయమని తీర్పు చెప్పినది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. బ్యాంకు పుచ్చుకొను వడ్డీ మిక్కుటమను కారణముచే కోర్టులు ఆ లెక్కను తిరగదోడరాదని బ్యాంకింగు నియంత్రణ చట్టములోని 21-ఎ విభాగము చెప్పుచున్నది. కావున ఈ వడ్డీని తగ్గింపుమని కోర్టు మెట్లెక్కుటలో ఫలము లేదు. చెన్నరాష్ట్రమున 1938లో వచ్చిన వ్యవసాయకుల ఋణవిమోచన చట్టమును మీ తండ్రులు, తాతలు చెప్పుకొనగా వినియుందురు. 1932 అక్టోబరునకు పూర్వపు బాకీలపై అసలునకు రెండింతలు అదివఱకే చెల్లించియున్న రైతునకు ఆ బాకీ తీరిపోయినట్లే యని అది నిర్ణయించెను. అట్టి కత్తెర ఈ కార్డుబాకీలకు లేదు. మన లెక్క మనమే చూచుకొనవలయును.

ఒక లెక్క వేయుదము. నాలుగు కార్డుల మీద కలిపి మూడు లక్షల బాకీ యున్నదనుకొనుడు. మొదటి నెల వడ్డీ 10,500 రూపాయలు, పన్ను 1,890, మొత్తము 12,390. లెక్కకాగితమున నొక ప్రక్క "కనీసపు చెల్లింపు" అని యొక యంకె యుండును. అది పెక్కు బ్యాంకులలో బాకీలో నూటికి అయిదు వంతు, అనగా ఇచట 15,000. కుఱ్ఱవాడు దానిని చెల్లించి, నా వాయిదా తప్పలేదని గుండెమీద చేయి వేసికొని నిద్రపోవును. అందు అసలునకు చెల్లినది 2,610 రూపాయలు మాత్రమే. ఇట్లు పండ్రెండు నెలలు, కార్డు మీద ఒక్క రూపాయి క్రొత్తగా వ్యయపెట్టకుండ, కనీసపు చెల్లింపులే చేయుచు పోయినచో సంవత్సరాంతమునకు సుమారు 1,71,500 రూపాయలు బ్యాంకునకు చేరును. అసలు మాత్రము సుమారు ముప్పదివేలు తఱుగును. సాలు పొడుగున జీతములో సగము పోసినను బాకీ యింకను రెండు లక్షల డెబ్బదివేలు. పిల్లలు దుబారా చేసినారని మనము కోపపడుదుము. దుబారా కొంత యుండవచ్చును. కాని ఈ లెక్కలో దుబారా యేమియు లేదు. క్రమము తప్పక చెల్లించినవాని గతియే ఇది.

ఈ స్థితిలో నున్నవానికి పెక్కు బాకీల నొక్కటి చేసికొనుట అను ఉపాయము దోచుట సహజము. తక్కువ వడ్డీకి ఒక పెద్ద యప్పు తెచ్చి, హెచ్చు వడ్డీ బాకీలన్నియు ఒక్కదినమున తీర్చివైచి, ఆ పెద్దయప్పును నెలసరి వాయిదాలుగా కట్టుకొనుట. మాట సామాన్యమే. ఇందు నిజమైన లాభము గూడ కలదు. జీతము క్రమముగా వచ్చుచు, వాయిదాలు తప్పని పేరున్న ఉద్యోగికి బ్యాంకు సాలునకు నూటికి పదునాలుగు వంతున పర్సనల్ లోను ఇచ్చినదనుకొందము. మన లెక్కలో ఇది రూపాయి పదునేడు పైసల వడ్డీ. మూడు లక్షలకు రెండేండ్ల గడువు పెట్టుకొన్నచో నెలసరి వాయిదా సుమారు 14,400 రూపాయలు. రెండేండ్లలో మొత్తము కట్టునది 3,45,700. అందు వడ్డీ 45,700. అదే మూడు లక్షలను కార్డుల మీదనే యుంచి, నెలకు తప్పక పదునైదు వేల చొప్పున కట్టుచు పోయినచో తీరుటకు మూడేండ్ల ఏడు నెలలు దాటును. కట్టిన మొత్తము ఆఱు లక్షల నలువదియెనిమిది వేల ప్రాంతము. ఇంచుమించు అదే వాయిదా, అదే కుఱ్ఱవాడు, అదే జీతము. తేడా మూడు లక్షల రూపాయలు. కావున, బాకీల నొక్కటి చేయుట మాయమాట యని త్రోసివేయు పెద్దలతో నేను ఏకీభవింపను.

అయితే మనకు ఈ విద్య క్రొత్త కాదు. మన షావుకార్లు తరతరములుగా చేయించుచున్న "నోటు తిరగవ్రాయుట" ఇట్టిదే. ప్రామిసరీ నోటునకు మూడేండ్లు కాలపరిమితి. మూడేండ్లు నిండకముందే షావుకారు కబురంపును. లక్ష అసలు, రెండు రూపాయల వడ్డీ. మూడేండ్లకు డెబ్బదిరెండు వేలు. రైతు దగ్గఱ సొమ్ము లేదు. పాతనోటు చింపి, లక్షా డెబ్బదిరెండు వేలకు క్రొత్తనోటు వ్రాయింతురు. చేబదులుగా తెచ్చిన యెరువుల బాకీ, విత్తనముల బాకీ యేవైన నున్న వానిని గూడ అందులోనే కలుపుదురు. పాతకాగితము చినిగిన చప్పుడు వినగానే రైతునకు బరువు దిగినట్లు తోచును. దిగినది కాగితము. వడ్డీ యంతయు అసలై కూర్చుండినది. అట్లు వ్రాసిన నోటులో తగ్గిన దేమి, పెరిగిన దేమి యని ఆనాడు రైతు అడిగియుండిన ఎన్ని భూములు నిలిచెడివో! నగరపు కూర్పుఋణమును గూర్చి మనము అడుగవలసినదియు అదే ప్రశ్న.

వడ్డీ తగ్గినదా యనుటకు నోటిమాట చాలదు. "నూటికి పదే" యని చెప్పుదురు. ఆ పది తఱుగుచున్న నిలువ మీదనా, లేక మొదటి మొత్తము మీదనే కడవఱకునా? మూడు లక్షలకు మూడేండ్లకు మొదటి మొత్తము మీద పది వంతున వడ్డీ కట్టిన తొంబదివేలు. అసలులో సగము తీరిన పిదప గూడ మూడు లక్షలకే వడ్డీ కట్టుచున్నామన్నమాట; నిజమైన రేటు సుమారు పదునెనిమిది. ఈ మోసము పూర్వము తెలిసికొనుట కష్టముగ నుండెను. 2024 అక్టోబరు 1వ తేదీనుండి, ఇట్టి అప్పులిచ్చువారు అన్ని ఖర్చులును కలిపిన సాంవత్సరిక రేటును చూపుచు "ముఖ్యాంశముల పత్రము" అను కాగితము ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. అది అప్పు పుచ్చుకొనువానికి తెలిసిన భాషలో నుండవలెను. కావున తెలుగున నిమ్మని యడుగుటకు మనకు హక్కు కలదు. ఆ పత్రమున నొక్క యంకె చూడుడు: సాంవత్సరిక రేటు. తక్కిన రంగుల కాగితములను పిల్లలు ఆడుకొనుట కిచ్చివేయవచ్చును.

ఇంకొక చిల్లర సంగతి, చూచుటకు చిల్లరయే గాని బాధ చిల్లర కాదు. మూడు లక్షల యప్పు మంజూరైనదని చెప్పి, కాగితపు ఖర్చులక్రింద నూటికి రెండు వంతు, దానిపై పన్ను, అనగా 7,080 రూపాయలు ముందుగనే మినహాయించుకొని 2,92,920 చేతికిత్తురు. నాలుగు కార్డులు తీర్పబోగా ఏడువేల చిల్లర ఒక కార్డుమీద నిలిచిపోవును. ఆ నిలువకు మఱల నాలుగు రూపాయల వడ్డీ. దానితో గూడ వడ్డీలేని గడువు పోవును. తీర్పవలసిన మొత్తమునకు ఖర్చులు కలిపియే అప్పు అడుగవలయును, లేదా ఆ చిల్లరను చేతిడబ్బుతో ఆనాడే కట్టవలయును.

వడ్డీ కంటె మోసకారి గడువు. అదే మూడు లక్షలు, అదే పదునాలుగు వంతు వడ్డీ, రెండేండ్లకు బదులు అయిదేండ్లకు పెట్టుకొన్నచో నెలసరి వాయిదా 14,400 నుండి 6,980కి దిగును. అప్పిచ్చు గుమాస్తా ఈ రెండవ అంకెనే ముందుగా చూపును. కుఱ్ఱవానికి ప్రాణము లేచి వచ్చును. కాని కట్టవలసిన మొత్తము 4,18,800 అగును. రెండేండ్ల గడువుతో పోల్చిన డెబ్బది మూడువేలు హెచ్చు. చిన్న వాయిదా పెట్టుకొన్నవాని చేతిలో మిగిలిన ఏడువేలు మఱల కార్డువైపు చూడకమానవని కూడ నా యనుమానము. జీతమునకు తట్టుకొనగలిగిన వానిలో మిక్కిలి పొట్టి గడువే మేలు. జీతము ముప్పదివేలుండి, ఇంటి అద్దె పదివేలున్నవానికి పదునాలుగు వేల వాయిదా మోయరాని బరువని నే నెఱుగుదును. అట్టివానికి మూడేండ్లు పెట్టుకొనుట తప్పుకాదు. అప్పుడు వాయిదా 10,250 ప్రాంతమున పడును.

ఒక కార్డుబాకీని మఱియొక బ్యాంకు కార్డుమీదికి మార్చు పద్ధతి యొకటి కలదు. కొన్ని నెలలు మాత్రము తక్కువ వడ్డీ యిచ్చి, రుసుము పుచ్చుకొని, ఆ నెలలు దాటగానే తిరిగి పూర్వపు ధరకే తెత్తురు. ఆ కొద్ది నెలలలో బాకీ ముగింపగలవానికే అది పనికివచ్చును. ఇక చీటీ పాడి తెచ్చి తీర్చువారు మన వైపున మిక్కుటము. చీటీ పాటలో వదలుకొన్న మొత్తమే వడ్డీ; అది యెంతపడెనో నెలలతో భాగించి లెక్కించుకొననిదే చవకయని చెప్పరాదు.

ఇప్పుడు పెద్దల సంతకమునకు వత్తము. నా మాటలలో దేనినైన మీరు జ్ఞాపకముంచుకొందురేని ఇది యుంచుకొనవలెనని నా కోరిక. కార్డుబాకీకి తాకట్టు లేదు. బ్యాంకు కుఱ్ఱవాని సంతకమును, జీతమును నమ్మి యిచ్చినది. బాకీ చెడినచో వానికి పేరు చెడును, ముందుముందు ఇంటియప్పు పుట్టుట కష్టమగును, బ్యాంకు దావా వేయవచ్చును. ఇవి చిన్నవని నే ననను. కాని ఆ బాకీకి మీ పొలముతో, మీ యింటితో సంబంధము లేదు. మేజరైన కుమారుని కార్డుబాకీకి, హామీ సంతకము పెట్టని తండ్రి చట్టప్రకారము బాధ్యుడు కాడు. తండ్రి ఋణము కుమారుడు తీర్చుట ధర్మమను నియమము పూర్వము హిందూ న్యాయమున నుండెడిది. 2005 సెప్టెంబరు 9 మొదలు పుట్టిన ఋణములకు అదియు కోర్టులలో చెల్లదని వారసత్వపు సవరణ చట్టము తేల్చినది. అయినను, ఎవరును అడుగకముందే తండ్రి తన భూమిని, తల్లి తన బంగారమును తెచ్చి యెదుట పెట్టుచున్నారు. ఆనాటితో తాకట్టులేని బాకీ తాకట్టుబాకీ యగుచున్నది. వడ్డీ తగ్గినమాట నిజమే. తప్పిపోయిన వాయిదాకు అంతవఱకు పేరు పోయెడిది; ఇకమీదట నగ పోవును, ఇల్లు పోవును.

బంగారము తాకట్టు అన్నింటికంటె సులభము, అన్నింటికంటె త్వరగా చేజారునది. గడువు మీఱినచో నోటీసిచ్చి వేలము వేయుదురు. ఇంటి తాకట్టయినచో, కోర్టునకు పోకయే స్వాధీనపఱచుకొనుటకు బ్యాంకులకు 2002 నాటి చట్టము అధికార మిచ్చినది. సాగుభూమిని ఆ చట్టమునుండి మినహాయించిరి గాని, దావా మార్గము మూయలేదు. ఇంకొక త్రోవ మఱింత ప్రమాదకరము: పంటపేర రైతుకార్డు మీద సొమ్ము తీసి కుమారుని కార్డు తీర్చుట. వడ్డీ నాలుగే గదా యని తోచును. కాని తొలకరినాటికి విత్తనములకు, ఎరువులకు మఱల షావుకారు గుమ్మము త్రొక్కవలెను. బాకీ తీరలేదు; నగరమునుండి పల్లెకు కాపురము మార్చినది.

తాకట్టు ఎన్నడును కూడదని నే ననుటలేదు. మన పెద్దలు చేసిన యొక గొప్ప ప్రయత్నము తాకట్టు మీదనే నడచినది. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిదప గూడ రైతుల పాతబాకీలు కదలలేదు. ఏలయన సంఘములిచ్చు పొట్టి గడువు అప్పులు వానికి చాలవు. అందుచే 1929లో మద్రాసున కేంద్ర భూమి తనఖా బ్యాంకు స్థాపింపబడెను. 1934లో దానికొక ప్రత్యేకశాసనము వచ్చెను. ఆంధ్ర జిల్లాల రైతులు గూడ భూమిని తనఖాపెట్టి, దీర్ఘకాలపు వాయిదాలతో తక్కువ వడ్డీకి సొమ్ము తెచ్చుకొని, షావుకార్ల పాతబాకీలు తీర్చుకొనుట ఆనాటి ఆ బ్యాంకుల ముఖ్యమైన పని. పెక్కు బాకీల నొక్కటి చేయుట యనగా అక్షరాల అదియే. కాని నాటి రైతుల పాతబాకీలలో ననేకములు అప్పటికే భూమి తాకట్టుపై నున్నవి. ఒక తాకట్టు హెచ్చువడ్డీవాని చేతినుండి తక్కువవడ్డీవాని చేతికి మాఱినది. భూమికి క్రొత్తగా వచ్చిన అపాయము లేదు. నేడు మన యింటికి వచ్చు కుఱ్ఱవాని బాకీ అట్టిది కాదు. ఈ భేదమును గుర్తించిన పిదపనే తండ్రి తాకట్టు మాట తలపెట్టవలయును. పెట్టినను, ఇంట నున్న బంగారములో నెల్లప్పుడును విడిపించుకొనగల కొద్దిభాగము మాత్రమే, ఆఱునెలలలోనో సంవత్సరములోనో ముగియు లెక్కతో పెట్టుట మేలు. ఎకరము తెగనమ్మి కార్డు తీర్చుట నాకు సమ్మతము కాదు. కుమారుని జీతము ఇంకను ముప్పదియేండ్లు వచ్చును. ఎకరము తిరిగి రాదు.

ఇక ఇంటిలో జరుగవలసిన సంభాషణ. నాలుగు కార్డులని చెప్పు కుమారునికి తఱచుగా అయిదవది యుండును. అబద్ధమాడవలెనని కాదు, సిగ్గు. పెద్దలు కేకలు వేయుదురని భయము. కార్డులు చాలనపుడు సెల్‌ఫోనులో నిమిషములలో అప్పిచ్చు యాప్‌ల దగ్గఱకు పోవుదురు. 2020వ సంవత్సరాంతమున తెలంగాణమున అట్టి యాప్‌లవారి వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారుండిరి. ఫోనులోని పేర్లన్నింటికిని సందేశములు పంపి పరువు తీయుట వారి పద్ధతి. ఆ పిల్లలలో ననేకుల బాకీ ఒక పాడిగేదె వెలకు మించదు. ఈ సంగతి తలచినపుడు, కుమారుడు నోరు తెఱచి చెప్పినదినమున తండ్రి యనవలసిన మొదటి మాట "ఎంత దుబారా చేసితివిరా" యనునది కాదని నా దృఢమైన యభిప్రాయము. "అన్ని కాగితములు తెమ్ము, కూర్చుండి చూతము" అనిన చాలును. దుబారా సంగతి బాకీ తీరిన తరువాత మాటలాడవచ్చును. అప్పటికి వానికే తెలిసియుండును.

కాగితములన్నియు పఱచి, ఒక్కొక్కదానికి ఎదురుగ బాకీ యెంత, నెలవడ్డీ యెంత, పన్నెంత యని వరుసగా వ్రాయింపుడు. యాప్ బాకీలు, చేబదుళ్లు గూడ అందులోనికి రావలయును. కూర్పుఋణము దొరకినచో అన్నియు నొక్కమాఱే తీఱును. దొరకనిచో, లేక పేరు చెడియున్నందున ఇరువదినాలుగు, ముప్పది వంతులకే యిత్తుమన్నచో, దానికై ప్రాకులాడక, అన్నింటికిని కనీసపు చెల్లింపులు కట్టుచు, మిగిలిన సొమ్మంతయు హెచ్చువడ్డీ బాకీమీద పోయుచు, అది తీరగానే దాని తరువాతిదానిని పట్టుకొనుట మంచిది. తమ్ముడో, మేనమామయో రూపాయి వడ్డీకి సర్దినను కూర్పుఋణమే. కాని దానికిని కాగితము, గడువు, నెలసరి వాయిదా ఉండవలయును. బంధువుల యప్పునకు లెక్కలేమిటని మొగమాటపడిన చోట బాకీయు బాంధవ్యమును రెండును చెడును.

బ్యాంకుతో మాటలాడి, కొంత తగ్గించి కట్టెదమని రాజీపడుటయు కలదు. ఉద్యోగము పోయినవానికి, రోగపడినవానికి అది దిక్కు కావచ్చును. అయితే ఋణచరిత్రలో ఆ ఖాతాకు "పూర్తిగా చెల్లించెను" అని కాక "రాజీతో ముగిసెను" అను అర్థము గల మాట పడును. కొన్నియేండ్లు ఇతర బ్యాంకులు దానిని చూచి వెనుదీయును. రాజీ మొత్తము కట్టకముందే ఆ యొప్పందమును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. ఫోనులో చెప్పిన మాట చెల్లదు.

వసూలునకు వచ్చువారి విషయమున గూడ ఒక మాట. ఉదయము ఎనిమిది గంటలకు ముందును, సాయంకాలము ఏడు గంటల తరువాతను వసూలునకై ఫోను చేయరాదని, బాకీదారుని నలుగురిలో అవమానింపరాదని, కుటుంబమువారి గుట్టులో జొరబడరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తరువిచ్చినది. మీ యింటికి వచ్చి రచ్చబండ దగ్గఱ కుమారుని పేరెత్తి మాటలాడువాడు ఆ యుత్తరువును మీఱుచున్నాడు. తేదీ, గంట, ఫోను సంఖ్య వ్రాసియుంచి, మొదట ఆ బ్యాంకునకే వ్రాతమూలముగ ఫిర్యాదు చేయుడు. ముప్పది దినములలో జవాబు రానిచో, వచ్చినను తృప్తి కలుగనిచో, రిజర్వు బ్యాంకు ఓంబుడ్సుమనునకు రుసుము లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును.

బాకీ లొక్కటైన దినమున మిగిలిన పని కార్డులను మూయించుట. తీరిన కార్డు జేబులో నున్నంతకాలము దానిపై మూడు లక్షల యప్పు మఱల పుట్టుటకు తలుపు తెఱచియే యుండును. అప్పుడు కూర్పుఋణపు వాయిదా యొకటి, క్రొత్త కార్డుబాకీ యొకటి, రెండగును. నాలుగింటిలో పాతదగు ఒకదానిని అవసరమునకై యుంచుకొని, దాని పరిమితిని నెలజీతములో సగమునకు తగ్గించుకొని, తక్కిన మూడింటిని మూసివేయుమని వ్రాతమూలముగ కోరవలయును. బాకీ యేమియు లేని కార్డును కోరిన ఏడు పనిదినములలో మూయవలెనని, ఆలసించినచో దినమునకు 500 రూపాయల వంతున కార్డుదారునకు చెల్లింపవలెనని 2022నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. "బాకీ లేదు" అను కాగితమును ఒక్కొక్క బ్యాంకునుండి పుచ్చుకొని, పట్టాదారు పాసుపుస్తకము పెట్టిన పెట్టెలోనే భద్రపఱచుడు. రెండు నెలలు గడచిన పిదప కుమారునిచేత అతని ఋణచరిత్ర తెప్పించి చూడుడు. సంవత్సరమున కొకసారి దానిని ఉచితముగ నిచ్చుట ఆ సంస్థల విధి. అందు మూసిన కార్డులు మూడును మూసినట్లే కనబడుచున్నవో లేదో, పాతబాకీ యేదైన పొరపాటున నిలిచియున్నదో సరిచూచుకొని, నిలిచియున్న యెడల ఆ బ్యాంకు కాగితము జతపఱచి సవరింపుమని వెంటనే వ్రాయింపవలయును.